పంతొమ్మిది ఫ్రేముల ఇల్లాలు

మా మేడలో రెండో అంతస్తున ఉంటున్న నీళ్ళ సరఫరా ఆఫీసు సూపరింటెండెంటు గారింట్లో కంప్యూటరుకి సెకనుకి పంతొమ్మిది ఫ్రేములే వస్తున్నాయన్న సంగతి ఈపాటికి అందరికీ తెలుసు. తెలియనివాళ్ళు ఎవరైనా మిగిలి ఉంటే అది వాళ్ళ అశ్రద్ధే గాని సూపరింటెండెంటు గారి లోపం కాదు. ఆయన ఆ అంకెను ఒక అట్టముక్క మీద రాసి, రోజూ ఉదయం ఎనిమిదింటికి తలుపు పక్కన మేకుకి తగిలిస్తూనే ఉన్నారు. కింద తేదీ, సమయం, సంతకం కూడా ఉండేవి.

ఫ్రేమంటే ఏమిటో మా మేడలో పాలు తాగే పిల్లలు తప్ప మిగతావాళ్ళందరూ చెప్పగలరు. తెర మీద కదిలేది నిజానికి కదలదు. నిలబడ్డ బొమ్మలు ఒకదాని వెనక ఒకటి వచ్చిపోతుంటే మన కన్ను మోసపోయి, కదిలిందనుకుంటుంది. సెకనుకి నూట నలభై బొమ్మలు వస్తే కారు నీళ్ళలో చేపలా జారిపోతుంది. పంతొమ్మిదే వస్తే మోకాళ్ళ నొప్పులున్న మనిషి మెట్లు దిగినట్టు దిగుతుంది. మలుపు రావడం కనబడదు. వచ్చేశాక కనబడుతుంది.

ఆ కంప్యూటరు మీద కార్ల పందెం ఆడేది సూపరింటెండెంటు గారి భార్య. వయసు నలభై తొమ్మిది. కూతురు ఒక్కొక్క భాగమే కొనుక్కొచ్చి బిగించుకున్న యంత్రం అది. ఆ పిల్ల ఉద్యోగం వచ్చి వేరే ఊళ్ళో ఇరుకు గదిలో చేరాక, ఇది వంటగది వెనక చిన్న గదిలో మిగిలిపోయింది. ఒకరోజు తల్లి దాని దుమ్ము తుడుస్తూ స్టీరింగు మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి మళ్ళీ తియ్యలేదు. ఆవిడకి బయట కారు నడపడం రాదు. ఇంట్లో కారు లేక కాదు, ఉంది. దాన్ని సూపరింటెండెంటు గారు తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. ఆయన కూడా ఆదివారాలు తుడవడానికే ముట్టుకుంటారు.

రెండేళ్ళలో ఆవిడ ఎంత దూరం వచ్చిందంటే, దేశం మొత్తం మీద జరిగే పందేలకి ఎంపిక పోటీలో పేరు నమోదయింది. పోటీ శనివారం మధ్యాహ్నం మూడింటికి. ఎవరింట్లో వాళ్ళు, నమోదు చేసుకున్న యంత్రం మీదే ఆడాలి. రెండు వందల పన్నెండు మంది. అందులో మొదటి ఎనిమిది మందిని పెద్ద నగరానికి పిలిచి మూడు రోజులు ఉంచుకుంటారు.

"గెలవాలని అంత పట్టుదలేమిటమ్మా నీకు?" అని మాలో ఒకావిడ మెట్ల మీద అడిగింది.

"గెలుపు సంగతి తర్వాతండీ. అక్కడ ఒక్కొక్కరికి ఒక్కో గది ఇస్తారట. లోపల నుంచి గడియ పెట్టుకోవచ్చట. భోజనం వేళకి గంట కొడతారట. గంట వినగానే వెళ్ళి కూర్చుని తినడమే. ఏం వండారో వెళ్ళేదాకా మనకి తెలియనే తెలియదట!" అంది ఆవిడ.

ఇంత చిన్న కోరికకి ఇంత పెద్ద యంత్రమా అని మేము ఆశ్చర్యపోయాం.

ఆవిడ పేరు పోటీలో నమోదైన వారానికే సూపరింటెండెంటు గారికి ఆ యంత్రం విలువ తెలిసింది. అంతటి వస్తువు వంటగది వెనక ఉండటం ఇంటికే తలవంపులని, దాన్ని ముందు గదిలోకి తరలించారు. వడ్రంగి చేత గాజు తలుపుల బీరువా చేయించి, పెట్టెను అందులో ఉంచి, తెరను బీరువా మీద నిలబెట్టారు. పెట్టెకి కుచ్చులున్న గుడ్డ తొడుగు కుట్టించారు. బీరువాకి తాళం వేశారు. మీట నొక్కడానికి వీలుగా గాజులో వేలు పట్టేంత రంధ్రం పెట్టించడం ఆయన ఔదార్యం.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. సూపరింటెండెంటు గారిది మంచి వస్తువును గౌరవించే వంశం. వాళ్ళ ఫ్రిజ్ మీద కొన్ననాటి కాగితం ఇంకా అంటించే ఉంది. టీవీ రిమోటు ప్లాస్టిక్ సంచిలో ఉండటం వల్ల అంకెలు కనబడవు, అందుకని వాళ్ళు ఎప్పుడూ ఒకే చానల్ చూస్తారు. గాజు పళ్ళేలు అతిథుల కోసం పై అరలో ఉంటాయి. పళ్ళేలు దించేంతటి అతిథి ఇంతవరకు రాలేదు. పరుపుకి దుకాణంవాడు వేసిన ప్లాస్టిక్ తియ్యలేదు కనుక, పైన ఎవరు ఎటు ఒత్తిగిలిందీ కింది అంతస్తువాళ్ళకి తెలుస్తూ ఉంటుంది. ఆయన చేతి గడియారం అద్దం మీద పల్చటి పొర పెళ్ళినాడు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. గంట ఎంతైందో పక్కవాళ్ళని అడుగుతారు.

వంటగది వెనక నూట నలభై ఫ్రేములు ఇచ్చిన యంత్రం, ముందు గదికి రాగానే పంతొమ్మిదికి దిగింది.

"జరిపిన రోజు నుంచే కదండీ ఇలా అయింది. వెనక వైరు మీరే కదా పెట్టారు. అది ఎక్కడ పెట్టారో ఒక్కసారి చూస్తే..." అంది ఇల్లాలు.

"చూద్దాం, చూద్దాం. ముందు సమస్య ఏమిటో తెలియాలిగా," అన్నారు సూపరింటెండెంటు గారు.

వార్త క్షణాల్లో పాకింది. చుట్టాలు ఫోన్లు చేశారు. "ఎన్ని వస్తున్నాయి?" అని అడగడం, "పంతొమ్మిది" అనగానే "అయ్యయ్యో, మొన్నటిదాకా బాగానే ఉందిగా" అనడం. కొందరు పళ్ళు పట్టుకుని చూడటానికి వచ్చారు. ఇంటి పెద్దావిడ, అంటే ఇల్లాలి అత్తగారు, గాజు రంధ్రంలోంచి వేలు పెట్టి పెట్టెను తాకి, "ఒళ్ళు పెనంలా కాలిపోతోందిరా నాయనా, ముందా కుచ్చుల చొక్కా విప్పరా" అంది. ఆవిడ వయసును దృష్టిలో పెట్టుకుని ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

విషయం చేయి దాటిపోతోందని గ్రహించి, సూపరింటెండెంటు గారు తమ అన్నగారిని పిలిపించారు. ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. ముప్ఫై నాలుగేళ్ళు ఊళ్ళో తూకం రాళ్ళన్నిటినీ అనుమానించిన మనిషి. ఆయన వస్తూనే, తెర మూలన కనబడే అంకెను నమ్మడానికి వీల్లేదన్నారు. అంగడివాడు తన తక్కెడ గురించి తనే చెప్పే మాట సాక్ష్యం కాదు కదా. అందుచేత చేతిలో స్టాప్‌వాచ్ పట్టుకుని, తెర ముందు కూర్చుని, సెకనులో వచ్చే బొమ్మలను స్వయంగా లెక్కపెట్టారు. మొదటిసారి పదకొండు తేలాయి. కళ్ళు కడుక్కుని వచ్చి లెక్కపెడితే ఇరవై ఏడు తేలాయి. సగటు పంతొమ్మిది. తెర మూలన కూడా పంతొమ్మిదే ఉంది. దాంతో తెర నిజాయితీ రుజువైంది.

"అయితే తక్కువ వస్తున్నమాట నిజమేరా తమ్ముడూ," అన్నారు ఇన్‌స్పెక్టరు గారు గంభీరంగా.

"అప్పుడే చెప్పాను కదా అన్నయ్యా."

"చెప్పడం వేరు, తేలడం వేరు."

వెంటనే ఫ్రేముల విచారణ సంఘం ఏర్పడింది. అధ్యక్షులు ఇన్‌స్పెక్టరు గారు. కార్యదర్శి సూపరింటెండెంటు గారు. సభ్యులు మేడలో కుర్చీ తెచ్చుకోగలిగినవాళ్ళు. తొలి సమావేశంలోనే, విచారణలో ఉన్న వస్తువును ఎవరూ ముట్టుకోకుండా బీరువా తలుపులకీ వెనక చెక్కకీ లక్కతో ముద్ర వేయాలని తీర్మానించడమైనది. ఇన్‌స్పెక్టరు గారు ఉద్యోగం వదిలేనాడు వదలకుండా తెచ్చుకున్న ఇత్తడి ముద్ర ఇలా అక్కరకు వచ్చింది. లక్క కరిగించడానికి పొయ్యి, ఆ తర్వాత అందరికీ టీ ఇల్లాలు సమకూర్చింది. ఆ సమయంలో ఆవిడ మళ్ళీ ఏదో అనబోయినట్టు సమావేశపు కాగితాల్లో ఉంది. "ఇల్లాలు వైరు విషయమై ఏదో అన్నారు. అజెండాలో లేదు." ఇది కార్యదర్శి గారి చేతిరాతే.

రెండో సమావేశం ఆట లోపలి సంగతులను పరిశీలించింది. తెర మీద బరువు తగ్గిస్తే ఫ్రేములు పెరుగుతాయని ఎవరో ఎక్కడో చదివారు. మొదట నీడలు తీసేశారు. ఇరవై వచ్చింది. చెట్లు తీసేశారు. ఇరవైకి ఇరవై ఒకటికి మధ్య కొట్టుకుంది. దారి పక్కన నిలబడి చూసే జనాన్ని తీసేశారు. అప్పుడు పెద్దావిడకి కోపం వచ్చింది.

"జనం లేకుండా పందెమేమిట్రా? అదేం చోద్యం! కోడలు ఎవరి కోసం పరిగెత్తుతుందనుకున్నావ్?"

"బరువమ్మా. ఫ్రేములు తింటున్నారు వాళ్ళు."

"నిలబడి చూస్తున్నారు పాపం, వాళ్ళేం తింటారు? ఇక్కడ కూర్చున్నవాళ్ళు తింటున్నారు బిస్కెట్లు."

ఆకాశం కూడా తీసేశాక ఇరవై ఒకటి స్థిరంగా వచ్చింది. బూడిదరంగు మైదానంలో ఒంటరి కారు. మనసు చివుక్కుమనే దృశ్యం. కానీ మర్నాడు కార్యదర్శి గారి ఆఫీసు నుంచి పెద్దసారు కుటుంబసమేతంగా యంత్రాన్ని చూడటానికి వచ్చి, "ఏమిటోయ్, మీ ఇంట్లో ఒక్క చెట్టు కూడా లేదూ?" అనేసరికి సూపరింటెండెంటు గారి తల నేలకి వంగిపోయింది. ఆ సాయంత్రమే చెట్లు, నీడలు, జనం, ఆకాశం గౌరవప్రదంగా తిరిగి వచ్చాయి. ఫ్రేములు పంతొమ్మిదికి చేరుకున్నాయి. ఇల్లాలు స్టీరింగు ముందు కూర్చుని అదంతా చూస్తూ ఉంది. ఆ రోజు బుధవారం.

గురువారం ఆవిడే ఫోన్ చేసి కంప్యూటరు మెకానిక్‌ని పిలిపించుకుంది. అతను సంచి దించకుండానే బీరువా చుట్టూ ఒకసారి తిరిగాడు. గోడకీ బీరువాకీ మధ్య ఉన్న సందులోకి తల పెట్టి చూశాడు.

"తెర నుంచి వచ్చే వైరు ఎక్కడ పెట్టారమ్మా?"

"పెట్టకూడని చోట," అంది ఆవిడ.

"అదే అనుకున్నాను. లోపల రెండు ఫ్యాన్ల కార్డు ఉంది, బొమ్మలు గీసేది అదే. వైరు దానికి పెట్టాలి. మీరు దాన్ని పక్కనబెట్టి మామూలు చోట పెట్టారు. పహిల్వాన్ని ఇంట్లో పడుకోబెట్టి, వాళ్ళ తాతయ్య చేత బస్తాలు మోయిస్తున్నట్టుంది." అతను ఇన్‌స్పెక్టరు గారి వైపు తిరిగాడు. "ఈ లక్క తీస్తే రెండు నిమిషాల పని సార్."

ఇన్‌స్పెక్టరు గారు అతన్ని ఆపాదమస్తకం చూశారు.

"రెండు నిమిషాల్లో అయ్యే పనికి విచారణ సంఘం ఎందుకు వేస్తామయ్యా?"

"అది నాకు తెలీదు సార్."

"తెలీదు కదా. ఎంతవరకు చదువుకున్నావ్?"

అతను చెప్పాడు. అది చాలదని తేలింది. వచ్చి వెళ్ళినట్టుగా ఒక కాగితం మీద సంతకం తీసుకుని, మర్యాదగా సాగనంపారు. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ అతను ఇల్లాలితో మెల్లగా అన్నాడు: "అమ్మా, కూరలు తరిగే కత్తి ఉంటే చాలు. లక్క ఇట్టే ఊడొస్తుంది."

ఆ మాట మాలో కొందరం విన్నాం. సాయంత్రం డాబా మీద ఆరేసిన బట్టలు తీసేటప్పుడు అడిగాం కూడా, ఎందుకు పగలగొట్టవమ్మా అని.

"పగలగొడితే ముద్ర ఎవరు పగలగొట్టారని ఇంకో విచారణ మొదలవుతుందండీ. బావగారు మళ్ళీ లక్క తెస్తారు. ఈసారి స్టీరింగుకి కూడా వేస్తారు. శనివారానికి ఉన్న ఈ పంతొమ్మిదీ పోతాయి," అంది. ఇరవై ఆరేళ్ళ కాపురం ఉన్న మనిషి కనుక ఆవిడ లెక్క ఆవిడకి ఉంది.

శుక్రవారం సాయంత్రం తుది సమావేశం. దోషం ఎక్కడుందో ఆ రోజు తేల్చెయ్యాలి. కరెంటు మీద అనుమానం ఉందని ఒకరన్నారు. గోడలో తేమ ఉందని మరొకరన్నారు. ఆవిడ మరీ వేగంగా నడుపుతోందని, బొమ్మలకి ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వాలని మూడో అంతస్తు పెద్దమనిషి సూచించారు. చివరికి అందరి అనుమానమూ ఆ రెండు ఫ్యాన్ల కార్డు మీదికి మళ్ళింది. అప్పుడు సూపరింటెండెంటు గారు లేచి నిలబడ్డారు. గొంతు సవరించుకున్నారు.

"సభ్యులకు మనవి. కార్డులో ఎలాంటి లోపమూ ఉండటానికి ఆస్కారం లేదు. దానికి నేను పూచీ. ఎందుకంటే దాన్ని ఈ ఇంటి ముందు గదికి వచ్చాక ఒక్కరోజు కూడా వాడలేదు."

"వాడలేదా?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

"వాడతానా అన్నయ్యా! అంత మంచి వస్తువు. మా అమ్మాయి కార్డుకి వైరు పెట్టే రంధ్రాల నల్లమూతలు ఎక్కడో డబ్బాలో పడేసి, ఎడాపెడా వాడేసింది. నేను వెతికి, మూడు రంధ్రాలకీ మళ్ళీ మూతలు బిగించాను. పక్కనే మామూలు రంధ్రం ఒకటి ఊరికే పడి ఉంటే వైరు దానికి పెట్టాను. ఇప్పుడు విప్పి చూడండి, కార్డు అద్దంలా ఉంటుంది."

"శభాష్. నీది మొదట్నించీ ముందుచూపురా," అని ఇన్‌స్పెక్టరు గారు తమ్ముడి భుజం తట్టారు. సభ్యులు చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాం. ఒక వస్తువును అంత శ్రద్ధగా చూసుకునే మగవాడు ఎంతమందికి దొరుకుతాడు?

టీ కప్పుల పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ ఇల్లాలు అడిగింది: "మరి దాన్ని ఎప్పుడు వాడతారండీ?"

"అవసరం వచ్చినప్పుడు."

"రేపు మధ్యాహ్నం మూడింటికి వస్తుంది అవసరం."

"రేపేదో పోటీ ఉందన్నావుగా! ఆ హడావుడిలో ఎందుకోయ్? అది అవనీ, తీరిగ్గా చూద్దాం," అన్నారాయన, చాలా ప్రేమగా.

కార్డు నిర్దోషి అని తీర్మానించి సభ ముగించారు.

శనివారం మూడింటికి ఆవిడ జుట్టు వెనక్కి ముడి వేసుకుని, స్టీరింగు ముందు కూర్చుంది. మేమంతా వెనక కుర్చీల్లో ఉన్నాం. కారు కదిలింది, ఆగింది, ఇంకోచోట తేలింది. మలుపు కనబడకుండానే వచ్చేసింది. చూస్తున్న మాకే కళ్ళు తిరిగాయి. కానీ ఆవిడ చెయ్యి మాత్రం మలుపు కంటే ముందే తిరిగింది. రెండు బొమ్మల మధ్య ఖాళీలో ఏం జరిగి ఉంటుందో ఆవిడ ఊహించేస్తోంది. సగం మాట విని మిగతా సగం గ్రహించడం, పిలుపు రాకముందే లేవడం, ఎవరికి ఎప్పుడు ఆకలేస్తుందో వాళ్ళకంటే ముందు తెలియడం ఆ ఇంట్లో ఆవిడ చేస్తున్న పనే. పక్కన ఎర్రకారు ఉన్నట్టు తెర చూపించలేదు. అయినా తప్పుకుంది. తప్పుకున్నాక అది కనబడింది. మధ్యలో బావగారు నీళ్ళడిగితే మాత్రం ఒక మలుపు జారింది.

రెండు వందల పన్నెండు మందిలో ఏడో స్థానం వచ్చింది.

ఆవిడ స్టీరింగు మీద తల పెట్టుకుంది. ఏడుస్తోందేమో అని మాలో ఒకావిడ దగ్గరికి వెళ్ళింది. ఏడవడం లేదు. "గంట కొడతారు," అంటోంది తనలో తను.

విచారణ సంఘానికి ఇంతకు మించిన విజయం లేదు. పంతొమ్మిది ఫ్రేములతోనే ఏడో స్థానం వచ్చిందంటే పంతొమ్మిది చాలునని తేలిపోయింది. చాలినది తక్కువ కాదు. తక్కువ కానిదాని మీద ఫిర్యాదు చెల్లదు. సోమవారం పొద్దున మేకుకి తగిలించిన అట్టముక్క మీద "19" కింద "సరిపడినంత" అని చేరింది.

మంచి సంగతి గడప దగ్గర ఆగదు. నీళ్ళ సరఫరా ఆఫీసులో పెద్దసారు ఆ వారమే సిబ్బందిని సమావేశపరచి, ఒక ఇల్లాలు పంతొమ్మిదితో సాధించగా మీకు గదికి రెండు ఫ్యాన్లు దేనికని ఒకటి తీయించారు. వీధి చివరి బడిలో ప్రధానోపాధ్యాయురాలు ముగ్గురు పిల్లలకి ఒక పుస్తకం చొప్పున పంచి, మధ్య పేజీలు ఊహించుకోమని చెప్పారు. మూడో అంతస్తులో పరీక్షకి చదువుకుంటున్న అమ్మాయి బల్లదీపం అడిగితే, "కింది ఆంటీని చూసి బుద్ధి తెచ్చుకో. ఆవిడకి సగం రోడ్డే కనబడలేదు, తెలుసా!" అన్నాడు తండ్రి. ఆ అమ్మాయి మెట్ల మీద ఆవిడకి ఎదురుపడినప్పుడు మొహం తిప్పుకుని వెళ్ళిపోయింది. ఎందుకో ఆవిడకి అర్థం కాలేదు.

నగరంలో పోటీలు గురువారం నుంచి మూడు రోజులు. మా వీధి సంఘం వారు ఆవిడను సత్కరించాలని నిర్ణయించి, అధ్యక్షుల వారికి ఖాళీ ఉన్న రోజు చూస్తే అదీ గురువారమే అయింది. తేదీ మార్చమని ఆవిడ అడిగింది. "పోటీలు ఏటా వస్తాయమ్మా. సన్మానం మనం అడిగితే వచ్చేది కాదు," అన్నారు బావగారు. ఎక్కడ బడితే అక్కడ కాకుండా, యంత్రం సభికులకి కనబడేలా ఆ ఇంటి ముందు గదిలోనే సభ ఏర్పాటు చేశారు.

ఆ రోజు ఉదయం పదింటికే గది నిండిపోయింది. అధ్యక్షుల వారు నలభై నిమిషాలు మాట్లాడారు.

"సోదర సోదరీమణులారా! ఈనాడు ఎవరిని చూసినా ఇంకా కావాలి, ఇంకా కావాలి అంటున్నారు. ఈ తల్లి ఏమన్నది? ఏమీ అనలేదు! ఉన్నదానితో సరిపెట్టుకున్నది. లేనిది ఉన్నట్టుగా చూచినది! నేను ఈ సభాముఖంగా ఒక్కటే కోరుతున్నాను. ప్రతి ఇంటా ఇలాంటి ఇల్లాలు ఉండాలి. ప్రతి ఇంటా పంతొమ్మిది మాత్రమే ఉండాలి!"

చప్పట్లు మోగాయి. తర్వాత ఇన్‌స్పెక్టరు గారు కొలత పద్ధతిని వివరించారు. తర్వాత సూపరింటెండెంటు గారు మంచి వస్తువులను కాపాడుకోవడం గురించి రాసుకొచ్చిన కాగితం చదివారు. పూలగుత్తిని తెర ముందు పెట్టారు. ఫొటోలు తీశారు. కార్యక్రమంలో ఎక్కడా ఏ లోటూ కనబడలేదు. పన్నెండున్నరకి అధ్యక్షుల వారు చేతిరుమాలుతో మొహం తుడుచుకుని, "టీ ఇంకా రాలేదేమిటి?" అని అడిగారు. అప్పుడు అందరం వంటగది వైపు చూశాం.

పొయ్యి చల్లగా ఉంది. టీపొడి డబ్బా ఏదో ఎవరికీ తెలియలేదు. సూపరింటెండెంటు గారు ఒక్కొక్క డబ్బా మూత తీసి వాసన చూడటం మొదలుపెట్టారు.

"ఏమే అమ్మా, కోడలేదీ?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు తల్లితో. పరధ్యానంలో ఆయన తల్లిని ఏమే అన్నారు.

"వెళ్ళిందిరా. పొద్దున్న ఆరింటి బస్సుకి."

"చెప్పకుండానా!"

"చెప్పే వెళ్ళింది. ముందు మీ తమ్ముడికి చెప్పింది, ఊ అన్నాడు. తర్వాత నీకు చెప్పింది, కాఫీలో పంచదార తక్కువైందన్నావు. గుమ్మంలో నిలబడి మళ్ళీ అందరికీ కలిపి చెప్పింది. మీరు కుర్చీలు లెక్కపెట్టుకుంటున్నారు." పెద్దావిడ పూలగుత్తిలోంచి ఒక పువ్వు లాగి వాసన చూసింది. "నన్నూ రమ్మంది. మోకాళ్ళు బాగుంటే వెళ్ళేదాన్నే."

మూడు రోజులు ఆ ఇంట్లో ఏం తిన్నారో, ఎలా తిన్నారో మేము అడగలేదు. కింది అంతస్తువాళ్ళ కథనం ప్రకారం రాత్రిళ్ళు పరుపు మీద ప్లాస్టిక్ చాలాసార్లు చప్పుడు చేసింది.

శనివారం సాయంత్రం కూతురు ఫోన్ చేసింది. సెలవు పెట్టి ఆ పిల్ల కూడా నగరానికి వెళ్ళిందట. అమ్మ ఐదో స్థానంలో వచ్చిందని చెప్పింది. నూట నలభై నాలుగు ఫ్రేములట అక్కడ. "రోడ్డు పక్క గడ్డి కూడా ఊగుతోందే అని ఒకటే చెబుతోంది నాన్నా. రేపు వచ్చేస్తుందనుకున్నా. గదికి ఇంకో రెండు రోజులు తనే డబ్బు కట్టుకుంటానని అడుగుతోంది వాళ్ళని."

ఆదివారం విచారణ సంఘం చివరిసారిగా సమావేశమై, ఇన్‌స్పెక్టరు గారి తుది నివేదికను విన్నది. దాని సారాంశం ఇది. పంతొమ్మిది ఫ్రేములతో ఇల్లాలు సాధించినది ఏడో స్థానం. నగరంలో ఆమెకు అదనంగా ఇచ్చినవి నూట ఇరవై అయిదు ఫ్రేములు. ప్రతి పంతొమ్మిదికి ఒక్క స్థానం చొప్పున లెక్క కట్టినా ఆరు స్థానాలు పైకెక్కి మొదటి స్థానంలో ఉండాలి. వచ్చినది ఐదో స్థానం. అంటే నాలుగు స్థానాల తరుగు. ఈ తరుగు అలవాటు లేని సౌకర్యం వల్లనే గాని వేరే కారణం వల్ల కాదు. కనుక ఇకముందు ఆమెకు పంతొమ్మిదికి మించి ఇవ్వడం ఆమె ప్రతిభకే హానికరమని సంఘం అభిప్రాయపడుతోంది.

"అక్కడ ఆడినవాళ్ళు వేరే కదండీ, అందరూ గెలిచి వచ్చినవాళ్ళేగా..." అని మాలో ఒకావిడ అనబోయింది. పక్కావిడ మోచేత్తో పొడిచింది.

కలం చేతులు మారింది. అందరం సంతకాలు పెట్టాం. ఆడవాళ్ళం ముందు పెట్టాం, ఇళ్ళకి వెళ్ళి వంట చూసుకోవాలి మరి.